లోయ లోపల ఒక ధర, లోయ బయట ఒక ధర: ఊటా బంగారు నోట్ల కథ



పోయిన వారం మన గుంపులో ఒక ఫోటో తిరిగింది. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లవాడు పంపించినది. చేతిలో ఒక నోటు, దాని మీద దేవతలాంటి ఒక ఆడమనిషి బొమ్మ, నోటంతా బంగారు మెరుపు. కింద వరసగా ప్రశ్నలు. అది నిజంగా బంగారమేనా? అంగట్లో చెల్లుతుందా? మూడో ప్రశ్న వీటికంటే పెద్దది. వచ్చే ఏడు సంఘానికి 50 ఏళ్లు నిండుతున్నాయి కదా, మనమూ ఇలాంటి బంగారు నోటు ఒకటి వేసి, సభ్యులకు అమ్మి, మనవాళ్ల అంగళ్లలో చెల్లేటట్టు చేస్తే ఎట్లా ఉంటుంది? ఒకరిద్దరు ముందే డబ్బు కడతామని కూడా రాశారు. సభ్యుల డబ్బు మాట వచ్చింది గనుక తొందరపడి జవాబు రాయకుండా, ఈ నోటు ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది అన్నది మొదటినుంచీ రాద్దామనుకున్నాం. కాస్త పొడుగే అవుతుంది. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. మాది ఇంటి తెలుగు, బడి తమిళం. అందుచేత పవను, సెయ్‌కూలి, సేదారం లాంటి మాటలు మధ్యలో వస్తాయి. మన సంఘంలో అవి తెలియనివాళ్లు లేరు.

ఆ నోటు పేరు గోల్డ్‌బ్యాక్. 2019లో అమెరికాలోని ఊటా రాష్ట్రంలో మొదలైంది. వేసేది సర్కారు కాదు, అదే పేరున్న ఒక ప్రైవేటు కంపెనీ. దాన్ని మొదలుపెట్టిన ఆయన జెరెమీ కార్డన్. మొదట 1, 5, 10, 25, 50 అని ఐదు రకాలు. 1 అని ఉన్న నోటులో ట్రాయ్ ఔన్సులో వెయ్యోవంతు 24 క్యారెట్ల బంగారం ఉంటుంది. ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు. అంటే ఒక నోటులో 31 మిల్లీగ్రాములు. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, పాత తట్టానులు తూకానికి వేసే కుందుమణి, అదే గురివింద గింజ, దానిలో సుమారు నాలుగోవంతు బరువు. 8 గ్రాముల పవనుకు ఇలాంటి నోట్లు 257 కావాలి. 50 నోటులో మాత్రం ఒకటిన్నర గ్రాము పైచిలుకు ఉంటుంది.

అంత కొంచెం బంగారాన్ని నోటులో ఎట్లా పెట్టారు? గాలి తీసేసిన గదిలో బంగారాన్ని ఆవిరి చేసి, పలచని ప్లాస్టిక్ పొర మీద అణువులు అణువులుగా దిగేటట్టు చేస్తారు. పైన ఇంకొక పొర అతికిస్తారు. ఆ రెంటి నడుమ బంగారం చిక్కుకుని ఉంటుంది, అరిగిపోదు. వలోరమ్ అనే కంపెనీ చేతి పనితనం ఇది. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: అవును, నిజమైన బంగారమే. బజారులో బంగారు రంగు ప్లాస్టిక్ మీద రెండువేల రూపాయల నోటు బొమ్మ అచ్చు వేసి అమ్ముతారే, అది వేరు, ఇది వేరు. రెండూ ఒకటేనని గుంపులో రాసినవారు దయచేసి గమనించండి.

ఇంత చిన్నది ఎందుకు చేయాల్సి వచ్చిందన్నదే అసలు సంగతి. బంగారానికి ఒక పాత జబ్బు ఉంది. అది మరీ విలువైనది. ఒక పవను తీసుకుని కూరగాయలకు పోతే ఎవరు చిల్లర ఇస్తారు? బంగారం నాణెంగా నడిచిన ప్రతి చోటా ఈ తొందర వచ్చింది. మన దక్షిణ దేశంలో దీనికి మనవాళ్లు కనిపెట్టిన మందు పణం. వరహా 3.4 గ్రాములుంటే, పణం సుమారు 0.35 గ్రాము. చింతగింజలో సగం కూడా ఉండదు, పప్పు బద్దంత. 1443లో రెండో దేవరాయల కాలంలో విజయనగరం వచ్చిన పారసీక దూత అబ్దుర్ రజాక్ అక్కడి బంగారు నాణేలను వరసగా చెప్పి, వాటిలో అన్నిటికంటే పనికొచ్చేది పణమేనని రాసిపెట్టాడు. వరహా ఖజానాకు, పణం సంతకు.

అంత చిన్న నాణెం లెక్కపెట్టడం ఒక యాతన. వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అందుకని తిరువాంకూరులో పణప్పలక అని ఒక చెక్క ఉండేది. దానిలో వరసలు వరసలుగా చిన్న గుంటలు. పిడికెడు నాణేలు పోసి పలకను ఆడిస్తే ఒక్కో గుంటలో ఒక్కొక్కటి కూర్చుంటుంది. గుంటలు నిండితే లెక్క తేలినట్టే. రైల్వేలో క్యాష్ ఆఫీసు వాసన పట్టినవాళ్లం గనుక మాకు ఈ పలక అంటే ఒక ముచ్చట. మా కాలం వరకూ రైల్వే క్యాష్ ఆఫీసుల్లో షరాఫ్ అని ఒక ఉద్యోగం ఉండేది. స్టేషన్ల నుంచి వచ్చిన డబ్బు సంచులు విప్పి, లెక్కపెట్టి, మంచి చెడ్డా చూసే పని. మన షరాబు అనే మాట, ఆ షరాఫ్ ఒకటే. అరబ్బీ నుంచి వచ్చినది. మనలో షరాబు ఇంటిపేరు ఉన్నవాళ్ల తాతముత్తాతలు చేసిన పని అదే: ఈ నాణెం ఇక్కడ ఎంతకు చెల్లుతుంది అని చెప్పడం.

ఇక్కడ ఎంతకు అన్న మాటను గుర్తు పెట్టుకోండి. చెన్నపట్టణంలో నక్షత్ర వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. కానీ ఆ పణం వెండిది. పక్క సీమ పణం బంగారుది, దాని ధర వేరు. ఊరు మారితే మారకం మారేది. 1818లో కంపెనీవాళ్లు వరహాను తీసేసి, మూడున్నర రూపాయల లెక్కన రూపాయిని నిలబెట్టారు. ఆ తరవాత పణం అన్నది దక్షిణాన ఎన్నో చోట్ల మాటగానే మిగిలింది. తమిళంలో ఇప్పటికీ డబ్బంటే పణమే.

ఇప్పుడు ఊటాకు పోదాం. గోల్డ్‌బ్యాక్ అక్కడే ఎందుకు పుట్టిందంటే, ఆ లోయలో ఇలాంటి ప్రయత్నం అది మొదటిది కాదు.

ఊటాలో సాల్ట్ లేక్ లోయకు 1847లో వలస వచ్చినవాళ్లు మోర్మన్‌లు. తూర్పున ఇల్లినాయ్‌లో ఉండలేక, తరిమితే పోయి, ఎవరికీ అక్కరలేని ఉప్పు నేలలో ఊరు కట్టుకున్నవాళ్లు. వలసపోయి ఊరు కట్టుకోవడం అంటే ఏమిటో మన పెద్దల కథలు విన్నవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. వాళ్లకు ధాన్యం ఉంది, పశువులున్నాయి, కానీ చేతిలో చెల్లే నాణెం లేదు. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో సట్టర్ మిల్లు దగ్గర బంగారం బయటపడింది. అక్కడ పనిలో ఉన్నవాళ్లలో కొందరు మోర్మన్‌లే. సైన్యంలో చేరి, విడుదలై, కూలికి కుదిరినవాళ్లు. ఆ ఏడు చివరికల్లా సంచుల్లో బంగారు పొడి పట్టుకుని లోయకు చేరారు.

బంగారు పొడితో బేరం చేయడం మన పణం యాతన కంటే పెద్ద యాతన. ప్రతి కొనుగోలుకూ తక్కెడ కావాలి. గాలికి కొంత, వేలికి కొంత, గుడ్డకు కొంత పోతుంది. అందుకని వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ నాణేలు కొట్టించాలని చూశాడు. 1848 డిసెంబరులో కొద్ది నాణేలు కొట్టేసరికి బంగారం కరిగించే మూసలు పగిలిపోయాయి. కొత్తవి రావాలంటే వందల మైళ్ల ఎడారి దాటి రావాలి. మరి అంతవరకు? కాగితం నోట్లు రాశారు. పొడిని ఖజానాలో పెట్టుకుని, దానికి బదులు సంతకం పెట్టిన చీటీ ఇవ్వడం.

ఇక్కడ ఒక విచిత్రం. 1837లో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో ఇదే సమాజం ఒక బ్యాంకు లాంటిది పెట్టింది. అది ఏడాది తిరక్కుండానే కూలిపోయి, ఎందరి డబ్బో పోయింది. ఆ దివాలా బ్యాంకు నోట్లు కొన్ని మూటల్లో వీళ్లతోనే ఎడారి దాటి వచ్చాయి. 1849లో లోయలో ఆ పాత నోట్లనే బయటకు తీసి, కొత్త సంతకాలు పెట్టి, బంగారంతో సమానమని చెలామణీ చేశారు. చెల్లాయి కూడా! ఒహాయోలో చిత్తుకాగితం అయిన నోటు, పన్నెండేళ్ల తరవాత, అదే మనుషుల మధ్య, డబ్బయింది. కాగితం మారలేదు. వెనక నిజంగా పొడి ఉందన్న నమ్మకం, సంతకం పెట్టినవాడు పక్క వీధిలో ఉన్నాడన్న ధైర్యం, ఈ రెండే కొత్తవి. డబ్బు చరిత్రలో మేము చదివిన కథల్లో ఇంతకంటే చెప్పుకోదగ్గది ఇంకొకటి లేదు.

1849 సెప్టెంబరు నుంచి మళ్లీ నాణేలు కొట్టారు. రెండున్నర, 5, 10, 20 డాలర్లవి. ఒకవైపు అన్నీ చూసే కన్ను, మరొకవైపు కలిపిన రెండు చేతులు. అమెరికా సర్కారు వారి 20 డాలర్ల నాణెం జనం చేతికి వచ్చింది 1850లో. అంటే వీళ్లు ఒక ఏడు ముందే ఉన్నారు. నాణెం మీద గ్రేట్ సాల్ట్ లేక్ సిటీ ప్యూర్ గోల్డ్ అనే మాటలకు పొడి అక్షరాలు కొట్టారు. ప్యూర్ గోల్డ్ అంటే మేలిమి బంగారం. అది మేలిమి కాదు. కాలిఫోర్నియా పొడిలో సహజంగా వెండి కలిసి ఉంటుంది, దాన్ని వేరుచేసే విద్య వాళ్ల దగ్గర లేదు. తూకమూ ఒక్కో నాణేనికి ఒక్కో రకం. మోసం చేయాలనుకున్నారని మేము అనుకోవడం లేదు, చేతకాలేదు అంతే. కానీ సర్కారు టంకసాలలో పరీక్ష చేస్తే ముఖవిలువ కంటే నూటికి పదికి పైగా తక్కువ తేలింది.

లోయ లోపల ఆ నాణెం పూర్తి విలువకే చెల్లింది. అక్కడ కమ్మరి తీసుకుంటాడు, పిండిమర వాడు తీసుకుంటాడు, గుడి కానుకకూ తీసుకుంటారు. లోయ దాటి కాలిఫోర్నియా పోయేసరికి వర్తకులు తక్కువ కట్టారు, కొందరు ముట్టుకోలేదు. పోయినవి పోయినట్టే కరిగించేశారు. మన తెలుగు కూడా అంతే కదా అనిపిస్తుంది మాకు ఒక్కోసారి. మన వీధిలో నిండు విలువ, రైలెక్కి విజయవాడలో దిగగానే కొంచెం తరుగు. సరే, అది వేరే సంగతి. కరిగించగా మిగిలిన ఆ కొద్ది నాణేలకే ఇప్పుడు నాణేలు సేకరించేవాళ్లు వాటిలోని బంగారానికి ఎన్నో రెట్ల ధర పెడుతున్నారు. తక్కువ తూకం నాణెం కడకు ఎక్కువ ధరకు పోయింది.

1861లో సర్కారు పంపిన గవర్నరు ఆ టంకసాల ఆపించాడు. 1864లో అమెరికా పార్లమెంటు, ప్రైవేటు మనుషులు లోహంతో నాణేలు కొట్టి డబ్బుగా నడపడం నేరమని చట్టం చేసింది. ఆ చట్టం ఇప్పటికీ పుస్తకంలో ఉంది, మళ్లీ వస్తాం దాని దగ్గరికి.

తరవాతి సంగతులు త్వరగా చెప్పేస్తాం. 1933లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ జనం దగ్గర ఉన్న బంగారు నాణేలు, కడ్డీలు సర్కారుకు అప్పగించమన్నాడు. 1971 ఆగస్టు 15న నిక్సన్ డాలరుకు బంగారం ఇవ్వడం నిలిపేశాడు. 1974 చివరి రోజున గానీ అమెరికా పౌరుడికి బంగారం ఇష్టప్రకారం ఉంచుకునే హక్కు తిరిగి రాలేదు. మనకూ 1968 నుంచి 1990 వరకు గోల్డ్ కంట్రోల్ చట్టం ఉండేది కదా, అప్పుడు తట్టాను వీధి ఎట్లా ఉండేదో పెద్దవాళ్లను అడగండి.

1998లో బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్ అనే ఆయన లిబర్టీ డాలర్ అని వెండి బిళ్లలు వేశాడు. బిళ్ల మీద డాలరు గుర్తు, డాలరు అంకె ఉన్నాయి. చాలామంది కొన్నారు. 2007 నవంబరులో పోలీసులు సోదా చేసి అన్నీ పట్టుకుపోయారు. 2011 మార్చిలో నేరం రుజువైంది. వాటిలో ఒక నేరానికి వేరు ఆ 1864 చట్టమే. 147 ఏళ్ల తరవాత! చట్టం కాగితానికి చెద పట్టదని మా పాత ఆఫీసరు ఒకాయన అంటుండేవారు.

అదే 2011 మార్చిలో ఊటా రాష్ట్రం ఇంకొక చట్టం తెచ్చింది. అమెరికా సర్కారు కొట్టిన బంగారు, వెండి నాణేలను రాష్ట్రంలో చెల్లే డబ్బుగా గుర్తిస్తామని, అయితే ఎవరినీ తీసుకోమని బలవంతపెట్టకూడదని. వాళ్ల రాజ్యాంగంలో రాష్ట్రాలు బంగారు, వెండి నాణేలు తప్ప వేరేదాన్ని అప్పు తీర్చే డబ్బుగా చేయరాదని ఒక మాట ఉంది, దాన్ని ఆధారం చేసుకున్నారు. కానీ మళ్లీ పాత జబ్బే. ఒక ఔన్సు నాణెంతో పాలు కొనగలమా? ఆ జబ్బుకు మందుగా 2019లో గోల్డ్‌బ్యాక్ వచ్చింది.

నాట్‌హౌస్ కథ ఎదురుగా ఉంది గనుక వీళ్లు జాగ్రత్త పడ్డారు. నాణెం కాదు, నోటు. డాలరు అన్న మాట లేదు, డాలరు గుర్తు లేదు. ఇది చట్టబద్ధమైన డబ్బని చెప్పుకోరు. ఇష్టమున్నవాడు ఇస్తాడు, ఇష్టమున్నవాడు పుచ్చుకుంటాడు. అంగడి తలుపు మీద తీసుకుంటామని చీటీ ఉంటే ఇవ్వవచ్చు, లేకపోతే లేదు. ఒక గోల్డ్‌బ్యాక్ ఈ రోజు ఎన్ని డాలర్లో కంపెనీ రోజూ ప్రకటిస్తుంది. ఊటా తరవాత నెవాడా, న్యూ హాంప్‌షైర్, వయోమింగ్, సౌత్ డకోటా అని ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మల వరస వేశారు. కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు: చెల్లుతుంది, తీసుకునేవాడు ఉన్నచోట.

ఇప్పుడు ధర. ఔన్సు బంగారం 2000 డాలర్లు ఉన్నప్పుడు ఒక గోల్డ్‌బ్యాక్‌లోని బంగారం విలువ 2 డాలర్లు. నోటు నడిచింది సుమారు 4 డాలర్లకు. ఆ పైన ఉన్న రెండు డాలర్లు ఏమిటి? మన భాషలో సెయ్‌కూలి, సేదారం. అంత పలచగా బంగారం పరచడానికి ఖర్చు అవుతుంది, అది నిజం. మనం నగ కొన్నప్పుడు నూటికి పదో, పదిహేనో సెయ్‌కూలి, సేదారం అంటే తట్టానుతో గంట సేపు వాదిస్తాం. ఇక్కడ నూటికి నూరు. నగ మళ్లీ అమ్మితే సెయ్‌కూలి తిరిగి రాదని మన ఆడవాళ్లందరికీ తెలుసు. గోల్డ్‌బ్యాక్‌లో చమత్కారం ఏమిటంటే, తీసుకునే అంగడివాడు ఆ సెయ్‌కూలిని కూడా విలువగా ఒప్పుకుంటాడు. తరవాతివాడూ ఒప్పుకుంటాడని నమ్మి ఒప్పుకుంటాడు. ఆ వరస నడిచినన్నాళ్లూ 4 డాలర్లు 4 డాలర్లే. ఎవరూ తీసుకోని చోట పడితే మిగిలేది 2 డాలర్ల బంగారం, అదీ ప్లాస్టిక్ పొరల మధ్య. కాల్చి తీయబోతే కూలి గిట్టదు.

ఇంకొకటి. బొమ్మలు అందంగా ఉన్నాయి, వరసలు వరసలుగా వస్తున్నాయి. కాబట్టి కొన్నవాళ్లలో చాలామంది ఖర్చు పెట్టరు, ఆల్బంలో పెట్టుకుంటారు. చేతిలో గోల్డ్‌బ్యాక్, కాగితం డాలరు రెండూ ఉంటే ఏది ముందు అంగడివాడికి ఇస్తాం? డాలరే కదా. ముచ్చటైన నోటు పెట్టెలోకి పోతుంది, ముడతలు పడినది సంతలో తిరుగుతుంది. సేకరించే వస్తువుగా బాగా ఉండడం, చిల్లరగా బాగా తిరగడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. దీనికి తోడు అమెరికా కేంద్ర పన్ను లెక్కలో బంగారం సేకరణ వస్తువుల కింద వస్తుంది. ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే లాభం మీద 28 శాతం వరకు పన్ను పడవచ్చు.

మూడో ప్రశ్నకు వస్తున్నాం. మన సంఘం వేయవచ్చా? 1934 రిజర్వు బ్యాంకు చట్టంలో 31వ సెక్షను ఉంది. చూపినవాడికి అడిగిన వెంటనే ఇంత ఇస్తాం అనే నోటును రిజర్వు బ్యాంకు, కేంద్ర సర్కారు తప్ప వేరెవరూ వేయకూడదు. లోహపు బిళ్లలు వేసి డబ్బుగా నడపడాన్ని 1889లోనే మెటల్ టోకెన్స్ చట్టం పెట్టి తెల్లవాళ్లు ఆపేశారు, ఆ నిషేధం ఇప్పుడు 2011 కాయినేజ్ చట్టంలో ఉంది. అమెరికాలో ఉన్న సందు మనకు లేదు. మనవాళ్ల మిఠాయి అంగడిలో, బట్టల అంగడిలో చెల్లే సంఘం నోటు అన్న ఆలోచనను ఇక్కడితో వదిలేద్దాం. ముందస్తు డబ్బు కడతామన్నవాళ్లు దయచేసి ఎవరి చేతికీ ఇవ్వకండి, ఏ గుంపులో లింకు వచ్చినా సరే.

జ్ఞాపికగా చేయించవచ్చా అంటే, అంకె లేకుండా, మారకం మాట లేకుండా చేయించవచ్చు. కానీ మా అభిప్రాయం అడిగితే, 2 రూపాయల బంగారానికి 4 రూపాయలు సభ్యుల చేత పెట్టించడం కంటే ఆ డబ్బుతో పిల్లల తెలుగు తరగతికి ఒక ఏడాది జీతం ఇవ్వవచ్చు. మాతో ఒప్పుకోనివాళ్లు ఉంటారు, వచ్చే నెల సమావేశంలో చెప్పండి, వింటాం.

ఆ సమావేశానికి ఇంకొక మనవి. మనలో చాలా ఇళ్లలో పాత ఇనప్పెట్టెలు ఉన్నాయి. వాటిలో పణాలు, కాసులు, కుందుమణుల డబ్బీ, తట్టాను తక్కెడ, పణప్పలక ఏది ఉన్నా తీసుకురండి. బ్రాసో పెట్టి తోమకండి, ఉన్నది ఉన్నట్టు తెండి. ఫోటోలు తీసి, ఎవరి ఇంటిదో, ఏ ఊరినుంచి వచ్చిందో రాసిపెట్టుకుని, అక్కడికక్కడే మీకు తిరిగి ఇచ్చేస్తాం.